ఆరున్నర అంగుళాలు

మూడు వందల ఇరవై అడుగుల కాడ
నా కయ్యిలో నీళ్ళు పడినాయి.
తిరుచెంగోడు లారీవాడు అరవంలో ఏదో అరిచినాడు.
తెల్ల దుమ్ము బురదయింది, బురద పల్చబడింది,
నా చొక్కా, నా మీసం,
గెనిమ మింద నిలబడిన మా ఆడోళ్ళ కొంగులూ
తడిసి ముద్దయినాయి.
ఆ పొద్దు నుంచీ నాకు భూమంతా తెలుసు.

బంగారుపాళ్యం బస్టాండు పక్కన టీ అంగట్లో
గ్లాసు కింద పెట్టకుండా చెప్పినా:
ఈశాన్యం మూల, చీమల పుట్టకు పదడుగులు ఇవతల,
అమావాస్య దాటినాక,
మూడు వందల ఇరవై.
అడిగినోనికి చెప్పినా. అడగనోనికి
ఇంకొంచెం గట్టిగా చెప్పినా.
"నాకు పడలేదా?" అనేటప్పుడు
అరచెయ్యి ఎత్తి చూపించేవాణ్ణి,
నీళ్ళు ఇంకా దాంట్లోంచి కారతా ఉన్నట్టు.

కాణిపాకం దోవలో ఒకనికి పడినాయి కూడా.
వాని పేరు నూరుసార్లు చెప్పుకున్నా.
పడనోళ్ళు
టీ అంగడి మార్చుకున్నారని
నాకెవురూ చెప్పలేదు.

మొగిలప్ప అడగలేదు.
వాని కయ్యి నా గెనిమకు అవతల.
రెండు జెర్సీ ఆవులు, అరెకరా టమాటా.
ఆకుల అంచులు ముడుచుకోని ఉండే ఒక మాపటేళ
నేనే పోయి వాని అరుగు మింద కూర్చున్నా.
"ఒకే వాన, ఒకే వంక, ఒకే గెనిమ.
నీకెందుకు పడవప్పా?"
వాని పెండ్లాం చెంగమ్మ చెనిక్కాయలు వొలస్తా
తలెత్తకుండానే అనింది:
"ఒకే కాయలో రెండు గింజలుంటే
ఒకటి పుచ్చు కాకూడదని ఉండాదా, న్నా?"
నవ్వినా.
సామెత అనుకున్నా.

మూడు వందల ఇరవై. దుమ్ము.
"రాయి మారతా ఉండాది, ఇంకో నూరు పోనీ," అన్నా.
ఐదు వందలు. దుమ్ము.
ఒక ఆవు పోయింది పలమనేరు సంతకు.
ఏడు వందల ఎనభై.
నీలం రాతి పొడి, ముగ్గుపిండి కన్నా మెత్తగా,
చెంగమ్మ జుట్టు మింద, ఆరేసిన చీర మింద,
నా నాలిక మింద.
లారీవాడు అడుక్కింత అని లెక్క రాసుకుంటా ఉండాడు.
నేను కేసింగు పైపు పట్టుకోని,
మొగిలప్ప మొగం చూడకుండా,
"నాకైతే..." అన్నా.
ఆ మాట అయ్యేలోపల ఇంజను ఆపేసినారు.

ఎవురూ నన్ను తిట్టలేదు.
తిట్టింటే బాగుండు.
చెంగమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చిచ్చింది,
మిగిలిన ఆవుది.

రేత్రి కరెంటు వచ్చేదాకా
మోటారు పెట్టె కాడ కూర్చోని ఆలోచిస్తా.
నాకు తెలిసిన భూమి ఎంత?
ఆరున్నర అంగుళాల వెడల్పు.
జానెడు కూడా లేదు.
ఆ సందులోంచి ఒంటికన్నుతో కిందికి చూసి
చిత్తూరు జిల్లా అంతా తడి అని చాటినా.
పైపుకు రెండు పక్కలా ఏముండాదో
పైపుకే తెలీదు.

అట్లని మారిపోయినానా?
మొన్న మా వదిన మోకాలి నొప్పి అంటానే
నోరు దానంతట అదే తెరుచుకుంది:
"నేనయితే ఆముదం కాంచి..."
ఆమె కాలు ముందరికి చాపింది.
వాచి ఉండాది, వంకాయ మాదిరి నిగనిగలాడతా.
నా కాలు ఏనాడూ అట్ల వాయలేదు.
ఆముదాన్ని నోట్లోనే మింగి
"ఎప్పటి నుంచి?" అన్నా.
ఆమె చెప్పడం మొదులుపెట్టింది.
నా టీ చల్లారి, మీగడ కట్టి,
ఆ మీగడ మింద ఈగ కూడా వాలింది.

పిల్లకాయలు పడకుండా
మొగిలప్ప బోరు నోటికి బండ నేనే మోసి పెట్టినా.
పెట్టే ముందర ఒక గులకరాయి వదిలినా.
నా బోరులో వేస్తే
నాలుగు లెక్కపెట్టేలోగా బుడుంగుమంటాది.
ఇక్కడ లెక్కపెట్టినా. పెట్టినా.
మోకాళ్ళ మింద వంగి, చెవి ఆనించి,
ఇంకా
వింటానే ఉండా.